కృష్ణలో కలిపిన పాదాలు

ఆ రోజుల్లో మా మ్యూజియంలోకి ఒక వస్తువు రావాలంటే ఒక రైతు నాగలి చాలు. అక్కణ్ణుంచి బయటికి పోవాలంటే మాత్రం కమిటీ కావాలి. పుట్టటానికి మంత్రసాని ఒక్కతి చాలినట్టు, పోయాక మోయటానికి నలుగురు కావలసినట్టు. పొలంలో కర్రుకి తగిలిన కుండపెంకు ఎవరి అనుమతీ లేకుండా గోనెసంచిలో బస్సెక్కి విజయవాడ వచ్చేసేది. దాన్ని పారెయ్యాలంటే అధ్యక్షుడు, సభ్యులు, ఉప్మా, కాఫీ, తీర్మానం, తీర్మానానికి నకళ్ళు అవసరమయ్యేవి. ఇంత తతంగం ఉన్నచోట పొరపాటు జరగదని చదువరులు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అప్పటికి నా వయసు తక్కువ, నమ్మకం ఎక్కువ.

నేను అందులో కొత్తగా చేరిన గుమాస్తాని. వచ్చిన ప్రతి వస్తువుకీ నంబరు వేసి, ఎక్కడ దొరికిందో, ఎవరిచ్చారో, పొడుగెంతో వెడల్పెంతో రిజిస్టరులో ఎక్కించటం నా పని. ఆ పనికి నన్ను మించినవాడు కృష్ణా జిల్లాలో లేడని నా అభిప్రాయం. నాకు పసితనం నుంచీ రాసుకునే జబ్బుంది. ఇంట్లో పాలు విరిగినా తేదీ వేసి రాసేవాణ్ణి. (మా అమ్మ దీన్ని 'చిత్రగుప్తుడి పూనకం' అనేది. పెళ్ళయ్యాక మా ఆవిడ ఆ పేరు మార్చలేదు. పూనకం మాత్రం దిగుతుందేమోనని కొన్నాళ్ళు ఎదురు చూసింది.) ఎర్ర సిరాతో గీత గీసి, నల్ల సిరాతో రాసి, అద్దుడు కాగితం ఒత్తి, ఆ పుట వంక చూసుకుంటుంటే లోకం సవ్యంగా నడుస్తున్నట్టే ఉండేది.

ఇక ఆ రాయి సంగతి. మా మావయ్యది (అమ్మకి తమ్ముడు) కంకిపాడు దాటి కరకట్ట వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఊరి చివర పెద్ద పాటిదిబ్బ ఉండేది. ఎప్పుడో జనం కాపురాలుండి, పోయిన చోట మిగిలే మట్టిదిబ్బని మా వైపు అలా అంటారు. ఆ పాటిమట్టి పొలానికి బలమని రైతులు బళ్ళకెత్తి తోలుకునేవారు. రైతులు వదిలింది ఇటుక బట్టీలవాళ్ళు తోలుకునేవారు. తాతల కాపురాలను తెచ్చి వరికి ఎరువుగా వేసుకున్న ఘనత మాది. నేను ఆదివారాలు పోయి, బళ్ళ వెనకాల నడుస్తూ, రాలిన పెంకులు ఏరి, ఏ మూల దొరికిందో చీటీ కట్టి, సంచులకెత్తి మ్యూజియానికి మోసుకొచ్చేవాణ్ణి. బళ్ళవాళ్ళు నన్ను చూసి, "అదిగో, చిల్లపెంకుల అల్లుడొచ్చాడు" అనేవారు.

మావయ్య బండికి ఒకసారి చదునైన పెద్ద రాయి తగిలింది. తెచ్చి కాలవ రేవులో వేశాడు. మా అత్తయ్య ఏళ్ళ తరబడి దాని మీద బట్టలుతికింది. ఒక వేసవిలో కాలవ కట్టేసినప్పుడు, రేవు బాగుచేస్తూ రాయిని తిరగేస్తే అడుగున రెండు పాదాలు కనపడ్డాయి. నిండైన పాదాలు, కడియాలు, గోళ్ళతో సహా చెక్కిన వేళ్ళు. చీలమండల పైన విరిగిపోయింది. పైన మనిషి లేడు. మా అత్తయ్య లెంపలు వేసుకుంది. "అమ్మో! ఏ మహానుభావుడి వీపు మీద ఇన్నాళ్ళూ లంగాలూ పంచెలూ బాదానో!" అని ఆవిడ రేవు మానేసి బావి దగ్గరికి మారింది.

"మావయ్యా, ఇది మ్యూజియానికి ఇచ్చెయ్" అన్నాను.

"ఇస్తే ఏంటంట?"

"అద్దాల బీరువాలో పెడతారు. కింద చీటీ మీద ఊరి పేరు రాస్తారు."

మావయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఏదైనా పెద్ద నిర్ణయం తీసుకునే ముందు ఆయన చేసే పని అది. "ఊరి పేరు పెద్దచ్చరాల్లో రాస్తావా అల్లుడూ? పక్కూరోళ్ళకి ఆసుపత్రి ఉంది. ఆ పక్కోళ్ళకి హైస్కూలుంది. మనకేవుందిరా, దిబ్బ తప్ప? అదీ అయిపోవచ్చింది. ఒరే, రేపు దిబ్బ పోయాక ఈడో ఊరుండేదని చెప్పటానికి ఈ కాళ్ళేగా మిగిలేది!"

చదువుకున్నవాళ్ళు పుస్తకాలకు పుస్తకాలు రాసి చెప్పలేని మాట ఆయన రేవులో నిలబడి చెప్పాడు. చెప్పి, మరుక్షణమే రాయికి బేరం పెట్టాడు: "నా పేరొద్దు. చీటీ మాత్రం నువ్వే రాయి. నీ దస్తూరీ బాగుంటది." అలాగే రాశాను. అట్ట ముక్క మీద, స్కేలు పెట్టి, ఊరి పేరు అందరి కంటికీ ఆనేలా రాశాను. నా జీవితంలో నేను రాసిన వాటిలో అంత అందంగా కుదిరింది మరొకటి లేదు. (పెళ్ళి శుభలేఖ కూడా అంత కుదరలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.)

అప్పటినుంచీ మావయ్య విజయవాడ ఏ పని మీద వచ్చినా, పురుగుమందుకొచ్చినా, పంటినొప్పికొచ్చినా, ముందు మ్యూజియానికి వచ్చేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ కాస్త ముందుకు చాచి, బీరువా ముందు నిలబడేవాడు. పక్కన ఎవరున్నా సరే, "ఇది మాదండి. చీటీ చదవండి. ఆఁ, అదే మా ఊరు" అనేవాడు. చదవటం రానివాళ్ళకి తనే చదివి పెట్టేవాడు. రాతి గురించి ఎవరైనా ఏదైనా అడిగితే, "అయ్యన్నీ మావాడికి తెలుసు" అని నా వైపు చూపించి, మళ్ళీ ఊరి పేరు చదివేవాడు.

ఈ సంతోషం మీద మొదటి దెబ్బ వెండి షీల్డు రూపంలో పడింది. మా పై అధికారులు క్లబ్బులో క్యారమ్స్ పోటీ గెలిచారు. ఆ షీల్డు పెట్టటానికి అద్దాల బీరువా కావలసివచ్చింది. పాదాల రాయిని 'తాత్కాలికంగా' వెనకాల నిలవగదికి మార్చారు. (సర్కారు భాషలో ఈ మాటకున్న అర్థం తెలియని అదృష్టవంతులెవరైనా ఉంటే వారి అదృష్టాన్ని నేను చెడగొట్టను.) రెండో దెబ్బ జీపు రూపంలో వచ్చింది. గన్నవరంలో విమానం దిగే పెద్దల్ని తీసుకురావటానికి ఆఫీసుకొక జీపు మంజూరయింది. దానికి షెడ్డు లేదు. నిలవగదిలో సగం ఖాళీ చేస్తే సరిపోతుందన్నారు. ఖాళీ చెయ్యాలంటే ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో తేలాలి. అలా, పురావస్తువుల భవిష్యత్తు తేల్చే మా కమిటీ ఒక జీపు పుణ్యమా అని పుట్టింది.

అధ్యక్షుడు మా పై అధికారి. ఆయన్ని మేము చాటున 'శుభ్రం గారు' అనేవాళ్ళం. ఏ గదిలో అడుగుపెట్టినా ముక్కుకి రుమాలు పెట్టుకుని, "ముందు శుభ్రం చెయ్యండయ్యా" అనటం ఆయన పాలనా విధానం. నిపుణుడిగా ఒక రిటైరైన చరిత్ర లెక్చరర్ని వేశారు. వర్జ్యం చూడకుండా వీధి మలుపు కూడా తిరగడు కనుక ఆయన 'పంచాంగం మాష్టారు'. మూడో సభ్యుడు మా స్టోర్‌కీపరు. ఆయన ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు, మిగతా వారమంతా ఎదురుపడ్డ ప్రతివారికీ "వందనాలండీ" అనేవాడు. అందుకని 'వందనాలు గారు'. చర్చ రాయటానికి నేను. రాయటమే, మాట్లాడటం కాదు. ఆ తేడా నాకు ఆరోజు సాయంత్రానికి గాని బోధపడలేదు.

శుభ్రం గారు సూత్రాలు ప్రకటించారు. పగిలినవి తీసెయ్యాలి. ఒకేలాంటివి రెండుంటే ఒకటి తీసెయ్యాలి. ఏమిటో తెలియనివి తప్పకుండా తీసెయ్యాలి. నేను కలం ఆపి, "అయ్యా, భూమిలోంచి వచ్చేవన్నీ పగిలేగదండీ వస్తాయి" అన్నాను. "మీరు రాసుకోండి" అన్నారు ఆయన.

ముందు పెంకుల సంచులు వచ్చాయి. మావయ్య ఊరి దిబ్బ మీద నేను ఆదివారాలు ఏరినవి. శుభ్రం గారు రుమాలు అడ్డం పెట్టుకుని ఒక సంచిలోకి తొంగి చూశారు.

"ఇన్ని పెంకులెందుకయ్యా? మా పెరట్లోనూ ఉన్నాయి ఇలాంటివి."

"అయ్యా, ఒక్క పెంకు ఏమీ చెప్పదండీ. అన్నీ కలిస్తే..."

"కలిస్తే కుండవుతుందా?"

పంచాంగం మాష్టారు నవ్వారు. వందనాలు గారు నవ్వలేదు గాని దగ్గారు. చివరికి ఎర్రవాటిలో ఒకటి, నల్లవాటిలో ఒకటి ఉంచి, తక్కినవి జీపు షెడ్డులో గుంటలు పూడ్చటానికి వాడాలని తీర్మానమైంది. నేను కట్టిన చీటీలు, ఉంచిన రెండింటివీ కలిపి, మూటగట్టి నాకే ఇచ్చారు, వెనక వైపు రాసుకోవటానికి పనికొస్తాయని. ఒక ఊరు ఊరంతా అలా జీపు చక్రాల కిందికి పోయింది. ఆ మాట చర్చల పుస్తకంలో రాస్తే, "ఇది కవిత్వం, కొట్టెయ్" అన్నారు.

తరవాత పాదాల రాయి.

"ఎవరివి ఈ కాళ్ళు?" అని అడిగారు శుభ్రం గారు.

"అమ్మవారివి. కడియాలు చూడండి" అన్నారు మాష్టారు.

"మగవాళ్ళూ పెట్టేవారు గదండీ కడియాలు" అన్నాను నేను.

"అయితే రాజుగారివి అనుకోండి. ఎవరివైనా విరిగినవే, భిన్నమైనవే. భిన్నమైన విగ్రహం ఇంట్లో ఉంచకూడదు సార్. ఇంటికి గాని, ఆఫీసుకి గాని మంచిది కాదు. మీకు ఇంక్రిమెంటు ఆగటానికి కారణం ఇదేనేమో, ఎవరు చూశారు?"

ఈ చివరి మాటతో శుభ్రం గారి ముఖంలో శాస్త్రీయ దృక్పథం పూర్తిగా మాయమైంది. "అయితే షెడ్డులో వేసేద్దాం" అన్నారు. మాష్టారు చెవులు మూసుకున్నారు. "పాదాల మీద జీపు నిలబెడతారా! మహాపాపం." ఉంచితే అరిష్టం, పారేస్తే పాపం. కమిటీ చాలాసేపు ఉప్మా తిన్నది. వందనాలు గారిని అభిప్రాయం అడిగితే, "ఎవరి పాదాలైతేనేవండీ, పాదాలు కడగటం మా గుళ్ళోనూ ఉందండీ. కడిగి పక్కన పెట్టుకుందారి. ఏం తింటాయా, తాగుతాయా?" అన్నారు. ఆ కమిటీ మొత్తానికి వచ్చిన ఒకే ఒక తెలివైన ఆలోచన అది. ఎవరూ వినలేదు.

అప్పుడు మాష్టారు కన్ను మూసి తెరిచి, "నిమజ్జనం!" అన్నారు. "భిన్నమైన మూర్తిని పుణ్యనదిలో కలపమని శాస్త్రం. ఎదురుగా కృష్ణ పెట్టుకుని ఆలోచన దేనికి?"

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ కింద పడింది. "అయ్యా, ఇది పూజలో విగ్రహం కాదండీ, సాక్ష్యం. ఆ దిబ్బ ఇప్పుడు లేదు. ఆ ఊళ్ళో ఏముండేదో చెప్పటానికి మిగిలింది ఈ రాయొక్కటే. మా మావయ్యకి మాట ఇచ్చి తెచ్చాను."

శుభ్రం గారు రుమాలు తీసి మడతపెట్టారు. "ఓహో, మీ మావయ్య గారి రాయా? అయితే మీకిందులో స్వప్రయోజనం ఉందన్నమాట. మీ అభ్యంతరం చెల్లదు. రాసుకోండి: గుమాస్తా అభ్యంతరం బంధుత్వం వల్ల తోసిపుచ్చడమైనది."

రాశాను. నా మీద తీర్మానాన్ని నేనే, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కోపంలో కూడా దస్తూరీ చెడకపోవటం నా స్వభావంలోని పెద్ద లోపమని అప్పుడే తెలిసింది.

మాష్టారు పంచాంగం చూసి ముహూర్తం పెట్టారు. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, పసుపు, పడవవాడి కూలి, ఇవన్నీ ఆఫీసు ఖర్చు. ఓచరు రాయవలసింది వందనాలు గారు. "ఏవని రాయమంటారండీ?" అని ఆయన దీనంగా అడిగితే, "శాస్త్రీయ పరిరక్షణ నిమిత్తం అని రాయండి" అని శుభ్రం గారు తాపీగా సెలవిచ్చారు. కొబ్బరికాయ పగలగొట్టి శాస్త్రీయంగా పరిరక్షించిన మ్యూజియం మాదొక్కటే అయి ఉంటుంది.

రిక్షా మీద రాయిని బ్యారేజీ దిగువ రేవుకి చేర్చారు. నేను పడవ ఎక్కనన్నాను. నా అసమ్మతి పత్రం నకళ్ళతో సహా జేబులో ఉంది. దాన్ని ఫైల్లో పెట్టనివ్వలేదు కనుక కనీసం నది ముందైనా చదవాలని నిశ్చయించుకున్నాను. మాష్టారు పడవలో నిలబడి మంత్రాలు అందుకోగానే, నేను మెట్ల మీద నిలబడి, "పై విషయమై సవినయంగా మనవి చేయునది ఏమనగా" అని గొంతెత్తి మొదలుపెట్టాను. మా ఇద్దరి గొంతులూ కలిసి నీళ్ళ మీద సాగాయి. మొదటి అంశం పూర్తయ్యేసరికి పడవవాడు తెడ్డు పక్కన పెట్టి నా వైపు తిరిగి చేతులు జోడించాడు. మెట్ల మీద స్నానానికి వచ్చిన ముసలమ్మ ఒకావిడ కూడా జోడించింది. నేను 'కావున తమరు పునరాలోచించవలెనని' అన్న చోట రాయి దబ్బున నీళ్ళలో పడింది. ముసలమ్మ, "నీకు పుణ్యం ఉంటది నాయనా, ఎంత బాగా చదివావు!" అన్నది. నా అసమ్మతి పత్రాన్ని అర్థం చేసుకుని గౌరవించినవారు ఉద్యోగకాలం మొత్తంలో ఎవరూ లేరు. అర్థం కాకుండా గౌరవించినవారు మాత్రం ఈ ఇద్దరు.

ఆ నెల్లోనే మావయ్య వచ్చాడు. ఒంటరిగా కాదు, కొత్త వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. వియ్యంకుడిది ఆసుపత్రి ఉన్న ఊరు. బస్సులో వస్తున్నంతసేపూ ఆయన వాళ్ళ ఆసుపత్రి గురించి చెప్పాడట. మావయ్య అంతా విని, "ఉండండి బావగారూ, మా ఊరు చూపిస్తా" అని తీసుకొచ్చాడు. బీరువాలో షీల్డు ఉంది. నిలవగదిలో జీపు ఉంది.

నేను మావయ్యని పక్కకి పిలిచి చెప్పాను. ఎలా చెప్పానో ఆరోజు రాసుకోలేదు. ఆ పుట ఖాళీగా ఉంది.

"కలిపేశారా?" అన్నాడు. "కృష్ణలోనా?"

"అవును మావయ్యా."

తువ్వాలు దులపబోయి, భుజాన తువ్వాలు లేదని గుర్తొచ్చి చొక్కా సవరించుకున్నాడు. "మా కాలవలో నీళ్ళు కృష్ణనీళ్ళు కాక గోదారి నీళ్ళటరా? మా రేవులోనే ఉంచితే పోయేదిగా! దానికి బస్సు చార్జీ పెట్టి బెజవాడ దాకా తేవాలా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తరవాత వియ్యంకుడి దగ్గరికి పోయి, "ఇయ్యాళ సెలవంట బావగారూ, తలుపులు తియ్యరంట" అన్నాడు, బార్లా తెరిచి ఉన్న తలుపుల ముందు నిలబడి. వియ్యంకుడు మర్యాదస్తుడు. తలుపుల వంక చూడకుండా, "ఇంకోసారి చూద్దారిలే బావగారూ, కాఫీ తాగుదాం పదండి" అన్నాడు. ఆరోజు నుంచి మావయ్య మ్యూజియం మెట్లెక్కటం మానేశాడు.

కథ ఇక్కడ ఆగితే కోపం ఒక్కటే మిగిలేది. కాని ఆగలేదు. కొన్నేళ్ళ తరవాత ఒక ఎండాకాలం కృష్ణలో నీళ్ళు బాగా తీసి, బ్యారేజీ దిగువన ఇసుక మేటలు బయటపడ్డాయి. ఇసుక తవ్వేవాళ్ళ పారకి రెండు పాదాలు తగిలాయి. గంటలో పసుపు పూశారు, పూటలో పందిరి వేశారు, మర్నాటికి పేపర్లో ఫొటో వచ్చింది. జనం తీర్థంలా పోయారు. మా కమిటీ మళ్ళీ కూర్చున్నది. అదే అధ్యక్షుడు (ఇంక్రిమెంటు వచ్చింది, మాష్టారి మాట వమ్ము కాలేదు), అదే ఉప్మా. "నదీగర్భం నుంచి స్వయంగా వెలువడిన పాదాలు. మహా అపురూపం. ఏ మాత్రం ఆలస్యం చెయ్యకుండా మనం స్వీకరించాలి" అన్నారు మాష్టారు. 'భిన్నం' అన్న మాట ఆయన నోట రాలేదు. బ్యాండుమేళంతో రాయి తిరిగొచ్చింది. క్యారమ్స్ షీల్డు ఖాళీ చేసింది.

నేను రిజిస్టరు పట్టుకుని శుభ్రం గారి గదిలోకి వెళ్ళాను.

"అయ్యా, ఇది మన పాత రాయే. పొడుగు, వెడల్పు సరిపోయాయి. వెనక బట్టలుతికిన నునుపు ఉంది. నీలిమందు మరక కూడా పోలేదు."

"నునుపు నది ఒరుసుకోవటం వల్ల. మరక నాచు" అన్నారు తల ఎత్తకుండా. "ఆ రాయిని మనం తొలగించాం. రిజిస్టరులో 'తొలగింపు' అని మీరే రాశారు. తొలగించిన వస్తువు మళ్ళీ ఎలా ఉంటుందయ్యా?"

"మరి ఆ రాయి ఎక్కడుందండీ?"

"నదిలో."

"ఇది?"

"నదిలో దొరికింది."

"అదే గదండీ నేను మనవి చేసేది!"

"అదే అయితే, అప్పుడు తీసెయ్యటం తప్పని కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ఎప్పుడైనా తప్పు చేసిందా? కొత్త నంబరు వెయ్యండి. దొరికిన స్థలం: కృష్ణా నదీగర్భం."

నేను చీటీ రాయనన్నాను. జీవితంలో మొదటిసారి కలం కింద పెట్టాను. దానివల్ల జరిగిందేమిటంటే, చీటీ టైపు చేయించారు. బయటికి వస్తుంటే వందనాలు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "బాధపడకండి. పాదాలు గదండీ, నడిచొచ్చేశాయి. ఊరి పేరు మాత్రం దారిలో ఎక్కడో పడేసుకున్నాయి" అన్నారు.

ఆ టైపు చీటీని నమ్ముకుని తరవాత పండితులు చాలా రాశారు. నది కింద మునిగిపోయిన గుడి ఉందని ఒకరు, నది దారి మార్చుకుందని ఇంకొకరు. వాదించుకున్నారు, సన్మానాలు చేయించుకున్నారు. ప్రతి వ్యాసానికీ నేను ఖండన రాసి పంపాను. 'పరిశీలనలో ఉన్నది' అని జవాబులు వచ్చాయి. మావయ్య పేపర్లో ఫొటో చూసి గుర్తుపట్టాడు. మంచానపడ్డాక చూడటానికి వెళితే, "కాళ్ళు బాగా వచ్చినయ్ రా ఫొటోలో. ఊరి పేరేదీ?" అన్నాడు. రాయిస్తాను మావయ్యా అన్నాను. "నువ్వు రాస్తావురా. వాళ్ళు ఉంచొద్దూ?" అన్నాడు. అంతకు మించి ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తటానికి ఎక్కువ రోజులు మిగల్లేదు కూడా.

ఈ మధ్య మ్యూజియం నుంచి ఫోను వచ్చింది. ఇప్పుడక్కడున్నది కొత్త అధికారిణి, చిన్న వయసు. "సర్, నిలవగది మళ్ళీ నిండిపోయిందండీ. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి అని ఒక విధానం రాస్తున్నాం. పాతవాళ్ళలో మీరే ఉన్నారు. ఒకసారి వస్తారా?" అని అడిగింది. విషయసూచికతో సహా కుట్టించిన అభిప్రాయపత్రం చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను. (మా ఆవిడ, "మళ్ళీ పూనకమా?" అన్నది. బ్లడ్ ప్రెషర్ మాత్ర జేబులో వేసింది.)

ఆ అమ్మాయి అడగవలసినవే అడిగింది. వస్తువు అందం కాదు, ఎక్కడ దొరికింది, దాని పక్కన ఏం దొరికాయి అన్నది ముఖ్యం కదండీ అన్నది. నాకు కళ్ళు చెమ్మగిల్లినంత పనైంది. కొంచెం ముందు పుట్టి ఉండకూడదూ అనిపించింది.

"మొత్తం మీద తప్పకుండా తీసెయ్యవలసింది ఏదైనా ఉందా సర్?"

"ఉందమ్మా. పాదాల రాయి కింద చీటీ."

కథంతా చెప్పాను. ఆసాంతం విన్నది. కంప్యూటరులో చూసింది. "చీటీ మార్చాలంటే ఆధారం చూపించాలండీ. పాత రిజిస్టరులో ఆ నంబరు తొలగించినట్టుంది, కాబట్టి అదొక్కటే చాలదంటారు. ఆ దిబ్బ మట్టితో రాతిని పోల్చొచ్చు. దిబ్బ..."

"లేదమ్మా. అక్కడిప్పుడు ప్లాట్లు వేశారు."

"పోనీ, ఆ దిబ్బలో దొరికిన పెంకులు? రాతి సందుల్లో ఆ మట్టి ఏమన్నా మిగిలి ఉంటే వాటితో పోల్చి చూడొచ్చు. సంచుల కొద్దీ తెచ్చానన్నారుగా. ఎక్కడున్నాయండీ?"

కిటికీ వైపు చూపించాను. ఒకప్పటి జీపు షెడ్డు నేల మీద ఇప్పుడు సిమెంటు వేసి కార్లు నిలుపుతున్నారు. "మీ కారు కింద" అన్నాను.

ఆ అమ్మాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కిందికి తొంగి తన కారు వంక చూసింది. తిరిగొచ్చి, మెల్లగా, "ప్రతిపాదన పెడతానండీ" అన్నది. పాపం, ఆమె నిజంగానే పెడుతుంది. అది పరిశీలనలో ఉంటుంది.

వెళ్ళేముందు బీరువా దగ్గర ఆగాను. కొత్త అద్దం, కొత్త దీపాలు, అదే చీటీ. పక్కన కాలేజీ అమ్మాయి ఒకతి ఫోనుతో ఫొటో తీస్తున్నది. ఆపుకోలేకపోయాను. "ఇది మాదమ్మా. మా మావయ్య గారి ఊరిది" అని ఊరి పేరు చెప్పాను.

ఆ అమ్మాయి చీటీ చదివింది, నన్ను చూసింది, మళ్ళీ చీటీ చదివింది. "కృష్ణలో దొరికిందని రాశారుగా తాతగారూ?"

"మా కాలవలో నీళ్ళు మాత్రం కృష్ణనీళ్ళు కావటమ్మా?" అన్నాను.

ఆమె నవ్వి, పెద్దవాణ్ణి కదా అని ఊరి పేరు మళ్ళీ అడిగి, ఫోనులో ఏదో టైపు చేసుకుని వెళ్ళిపోయింది. ఊరి పేరే రాసుకున్నదో, ఆటోకే కబురు పెట్టుకున్నదో నాకు తెలియదు. ఊరి పేరే అని నా దినచర్యలో రాశాను. చూడని సంగతి రాయటం నాకిదే మొదలు.

అద్దం వైపు తిరిగాను. లోపల దీపం వెలుగుకి, విరిగిన ఆ చీలమండల పైన, ఇన్ని శతాబ్దాలుగా లేని మనిషి స్థానంలో, ఒక ముసలాయన నీడ సరిగ్గా అతుక్కుని కనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. మెడ కాస్త ముందుకు చాచాడు. భుజాన తువ్వాలు ఒక్కటే తక్కువ. చూసి నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది.